బొర్రా గుహల్లో విరిగిన రాయి ఏ భూకంపానికి సాక్షి?

కొండదారి | శనివారం, రాత్రి 9:12
అందరికీ నమస్కారం. మా ఇంటి షోకేసులో కొండపల్లి బొమ్మల మధ్య జానెడు పొడవున్న సున్నపురాయి ముక్క ఒకటి నా చిన్నప్పటి నుంచీ ఉంది. గుహ పైకప్పు నుంచి వేలాడే స్టాలక్టైట్ కొస అది. నలభై ఏళ్ళ క్రితం బొర్రా గుహలకు వెళ్ళినప్పుడు నాన్న తెచ్చారు. మొన్న దసరా సెలవుల్లో పిల్లలను తీసుకుని నేనూ వెళ్ళాను. లోపల చాలా చోట్ల ఇలాంటివి, చెయ్యంత లావున్నవి కూడా, మొదలంటా విరిగి ఉన్నాయి. "పూర్వం భూకంపం వచ్చినప్పుడు విరిగినవండీ ఇవన్నీ" అని గైడు ధీమాగా చెప్పాడు. ఇంటికి రాగానే పిల్లలు షోకేసు ముందు నిలబడి "మన రాయి ఏ భూకంపానిది?" అని మొదలుపెట్టారు. గుహలో విరిగిన రాయిని చూసి చరిత్రకు ముందు వచ్చిన భూకంపాల సంగతి చెప్పడం నిజంగా సాధ్యమేనా? లేక అది గైడు కట్టిన కథా?

అనుమానం | శనివారం, రాత్రి 9:40
కథే. గుహల దగ్గర వినిపించే చరిత్ర ఎంత గట్టిదో తెలియాలంటే ఒక్క ముచ్చట చాలు. 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ బొర్రా గుహలను కనిపెట్టాడని ఇంటర్నెట్ నిండా రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో! పుట్టని సంస్థ ఉద్యోగి గుహను కనిపెట్టగా లేనిది, రాని భూకంపానికి రాయి విరగడంలో వింత ఏముంది?

నాపరాయి | ఆదివారం, ఉదయం 6:05
అనుమానం గారూ, తేదీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. రాయి విషయంలో మాత్రం తొందరపడకండి. ముప్పై ఏళ్ళకు పైగా సున్నపురాళ్ళతో కాపురం చేసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

గుహల్లోని ఆధారాలతో పాత భూకంపాలను వెతకడం ఒక శాస్త్రంగానే ఎదిగింది. ఇటలీలో బొలోన్యా పరిశోధకులు 1980లలోనే దీన్ని పట్టుకున్నారు. భూకంపమాపకాలు వచ్చి శతాబ్దం దాటి కొన్నేళ్ళే. శాసనాలూ గ్రంథాలూ కలుపుకుంటే ఇంకో వెయ్యి, రెండు వేల ఏళ్ళు వెనక్కి పోవచ్చు. కానీ కొన్ని భ్రంశాలు, అంటే భూకంపం వచ్చినప్పుడు నేల జరిగే పగుళ్ళు, పది వేల ఏళ్ళకు ఒకసారి మాత్రమే కదులుతాయి. రెండు వేల ఏళ్ళ చరిత్ర చూసి ఆ భ్రంశం చచ్చిందనడం, అమావాస్య ఒక్క రాత్రీ చూసి చంద్రుడే లేడన్నట్లు. నేల పైన దాని గుర్తులను వాన కడిగేస్తుంది, నాగలి చెరిపేస్తుంది. గుహలో వానా లేదు, నాగలీ లేదు.

ఇక వయసు కట్టే పద్ధతి. గుహలో బొట్టు బొట్టుగా కారే నీటిలో యురేనియం కొద్దిగా కరిగి ఉంటుంది. థోరియం నీటిలో దాదాపు కరగదు. అందుకని కొత్తగా పేరుకున్న సున్నపు పొరలో యురేనియం ఉంటుంది, థోరియం ఉండదు. ఆ తరువాత యురేనియం క్షీణించి థోరియం-230 పుడుతూ పోతుంది. రెండింటి నిష్పత్తిని కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. సుమారు 5 లక్షల ఏళ్ళ వరకూ ఈ గడియారం పనిచేస్తుంది. బంకమట్టి కలిసిన పొర అయితే బయటి థోరియం చొరబడి లెక్క చెడుతుంది. అందుకే శుభ్రమైన తెల్లటి పొర దొరికితే మాకు పండగ.

అసలు కిటుకు ఇది. విరిగిన రాయి వయసు తేలినంత మాత్రాన విరిగిన రోజు తేలదు. విరగక ముందు పేరుకున్న చివరి పొర ఒకటి, విరిగిన ముఖం మీద తరువాత పేరుకున్న మొదటి పొర ఒకటి, రెండూ కావాలి. ఆ రెంటికీ నడుమ ఎప్పుడో విరిగిందని అప్పుడు చెప్పగలం. కాబట్టి కొండదారి గారి రాయి వయసు కట్టిస్తే అది ఎప్పుడు పెరిగిందో తెలుస్తుంది. ఎప్పుడు విరిగిందో తెలియదు.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 8:30
నాపరాయి గారు భూగర్భం చెప్పారు, నేను ఊపు సంగతి చెబుతాను. ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం, అంటే సెకనుకు ఇన్నిసార్లు ఊగే తన సొంత లయ, ఉంటుంది. దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తాం. ఉయ్యాల ఊగే లయలో తోస్తేనే ఊపు పెరుగుతుంది, లయ తప్పితే పెరగదు. బలమైన భూకంపంలో నేల ఊపు దాదాపు 0.1 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఫ్రాన్స్‌లో కొందరు గుహల్లోకి పరికరాలు తీసుకెళ్ళి స్టాలక్టైట్లను, నేల మీది నుంచి పైకి పెరిగే స్టాలగ్మైట్లను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టి కొలిచారు. పొట్టిగా, లావుగా ఉన్నవాటిలో ఎక్కువ భాగం 30 హెర్ట్జ్‌కు పైనే ఉన్నాయి. అంటే మామూలు భూకంపం వాటిని ఊపలేదు, విరచలేదు. భయమంతా పొడుగ్గా సన్నగా ఉన్నవాటికీ, లోపల బోలుగా ఉండే సోడా స్ట్రాలకూ.

అది కాగితం మీది లెక్క కాదు. 1996 ఫిబ్రవరి 18న ఫ్రాన్స్‌లో, పిరనీస్ తూర్పు కొసన ఉన్న సాఁ పోల్ ద ఫెనూయే దగ్గర 5.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. తరువాత చుట్టుపక్కల గుహల్లోకి వెళ్ళి చూస్తే రాలినవి ప్రధానంగా సోడా స్ట్రాలే.

అనుమానం | ఆదివారం, ఉదయం 9:02
మాస్టారూ, మీరు నా పక్షానికే వచ్చారు, ధన్యవాదాలు. లావు రాళ్ళు భూకంపానికి విరగవు. మరి బొర్రాలో విరిగినవి చెయ్యంత లావున్నాయని అంటున్నారు. విరిచింది ఎవరు?

నాపరాయి | ఆదివారం, ఉదయం 10:15
అనుమానితుల జాబితా పెద్దదే. యూరప్ గుహల్లో హిమయుగాల్లో గడ్డకట్టిన మంచు మెల్లగా జరుగుతూ స్టాలగ్మైట్లను మొదలంటా పెకలించింది. ఒకప్పటి గుహ ఎలుగుబంట్లూ కొన్నింటిని పడగొట్టాయి. మన దగ్గర మంచు లేదు కానీ వరద ఉంది. మట్టి మీద పెరిగిన స్టాలగ్మైట్ కింది మట్టిని వరద కోసుకుపోతే ఒరుగుతుంది. ఒక్కోసారి తన బరువుకు తానే ఊడిపోతుంది. బొర్రాలో అయితే ఇంకొకటి కూడా. ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సరిగ్గా ఆ గుహ మీదుగానే పోతుంది. చివరగా ఈ జాబితాలో అందరికంటే నేరచరిత్ర ఉన్నవాడు మనిషి.

అందుకే విరిగిన రాయి ఒక్కటి పట్టుకుని భూకంపమని ఎవరైనా అంటే నేనూ నమ్మను. కానీ ఒకే గుహలో వేర్వేరు గదుల్లో, వీలైతే పక్క గుహలోనూ, ఒకే కాలంలో విరిగినవి కనబడితే? వరద పై గదిలోకి ఎక్కదు. ఎలుగుబంటి ఇరవై చోట్ల ఒకేసారి ఒళ్ళు విరుచుకోదు.

ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ ఇజ్రాయెల్‌లోని సోరెక్ గుహ. జెరూసలేంకు పడమటి కొండల్లో 1968లో క్వారీ పేలుళ్ళ వల్ల బయటపడింది. తూర్పున కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో మృత సముద్రం భ్రంశం. ఆ గుహలోనూ, దగ్గరలోని హర్ తూవ్ గుహలోనూ కూలిన పైకప్పు పెళ్ళలను, పడిపోయిన స్తంభాలను, వాటి మీద మళ్ళీ మొలిచిన కొత్త స్టాలగ్మైట్లను ఏరి వయసులు కట్టారు. ఆ ఫలితం 2005లో వచ్చింది. గడిచిన 1,85,000 ఏళ్ళలో 13 నుంచి 18 కూలుడు ఘట్టాలు తేలాయి. సగటున 10 నుంచి 14 వేల ఏళ్ళకు ఒకటి. మృత సముద్రం అడుగున మెత్తటి బురద పొరలు కూడా భూకంపాలకు చిలికినట్టు చెదిరిపోతాయి. గుహలో దొరికిన తేదీలను ఆ పొరలతో పోల్చి చూశారు. రెండు సాక్షులు, ఒకరినొకరు ఎరుగరు, ఒకే మాట చెబితే కోర్టులోనైనా వింటారు కదా.

సరయూ తీరం | ఆదివారం, మధ్యాహ్నం 1:20
రోడ్డు పనుల మీద ఆరేళ్ళు ఉత్తరాఖండ్‌లోని పితోర్‌గఢ్ జిల్లాలో ఉన్నాను. అక్కడి పాతాళ భువనేశ్వర్ గుహకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. గొలుసులు పట్టుకుని దిగాలి, లోపల ప్రతి రాయికీ ఒక దేవుడి పేరు ఉంటుంది. ఆ జిల్లాలోనే ధరమ్‌జాలీ అనే గుహలో స్టాలగ్మైట్లను కోసి భూకంపాలు వెతికారని అప్పట్లో విన్నాను. నిజమేనా? మేం రోడ్డు కోస్తుంటే కొండే జారి మీదికి వచ్చేది, అలాంటి చోట గుహలో రాయి నిలకడగా ఎలా ఉందా అని ఆశ్చర్యం.

నాపరాయి | ఆదివారం, మధ్యాహ్నం 3:48
నిజమే. మన దేశం నుంచి చెప్పుకోదగ్గ పని అది. సి.పి. రాజేంద్రన్, ఆయన సహచరులు 2016లో ప్రచురించారు. కుమావూఁ హిమాలయానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పడమట 1905లో కాంగ్రా, తూర్పున 1934లో బిహార్–నేపాల్, రెండు మహా భూకంపాలు వచ్చాయి. నడుమ ఉన్న ఈ ముక్కలో ఆ స్థాయిది చాలా కాలంగా లేదు. ఈ మౌనం విశ్రాంతి కాదు, కూడబెట్టుకోవడం అని భయం. పాత లెక్కలు బయటికి తీయక తప్పదు.

ధరమ్‌జాలీ గుహ నుంచి మూడు స్టాలగ్మైట్లను పరిశీలించారు. వారు చూసింది విరగడం ఒక్కటే కాదు, ఒరగడం కూడా. నీటి బొట్టు ఎప్పుడూ నిట్టనిలువునా పడుతుంది కాబట్టి స్టాలగ్మైట్ నిలువుగా పెరుగుతుంది. దాని కింది నేల ఒరిగితే పాత భాగం ఒరుగుతుంది. ఆపైన పెరిగేది మాత్రం మళ్ళీ నిలువుగానే. నిలువునా కోసి చూస్తే మోచెయ్యి వంచినట్లు కనిపిస్తుంది. ఆ వంపు దగ్గరి పొరల వయసు కడితే ఒరిగిన కాలం తెలుస్తుంది. ఉన్నట్టుండి పెరుగుదల ఆగిపోవడం, విరిగి మళ్ళీ మొలవడం కూడా లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం ఆరు అలజడులు తేలాయి. అన్నిటికంటే పాతది సుమారు 4,270 ఏళ్ళ నాటిది. అన్నిటికంటే కొత్తది క్రీ.శ. 1176–1470 మధ్యది. హిమాలయ పాదాల దగ్గరి భ్రంశం మీద కందకాలు తవ్వినవారికి మధ్యయుగపు మహా భూకంపాల ఆనవాళ్ళు దొరికాయి. ఈ చివరిది వాటిలో ఒకటి కావచ్చని వారి మాట.

అనుమానం | ఆదివారం, సాయంత్రం 4:10
"కావచ్చు". ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నాను. కందకాల్లో తేలిన కాలం ఎంతండీ?

నాపరాయి | ఆదివారం, సాయంత్రం 4:31
1050–1250 ఒకటి, 1259–1433 మరొకటి.

అనుమానం | ఆదివారం, సాయంత్రం 4:39
చూశారా! 1176–1470 అనే వల వేస్తే రెండు చేపలూ పడతాయి. ఏది పడిందో వలకు తెలియదు. మూడు వందల ఏళ్ళ వెడల్పున్న కిటికీలోంచి చూస్తే హిమాలయాల్లో ఏదో ఒక భూకంపం కనబడకుండా ఎలా ఉంటుంది? అన్నిటికంటే పాతదాని తేదీకి అటూ ఇటూ ఎంత పొరపాటు ఉందో కూడా చెప్పండి.

నాపరాయి | ఆదివారం, సాయంత్రం 5:15
అటు 410, ఇటు 410 ఏళ్ళు. మీ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. ఆ పరిశోధకులు కూడా వాటిని "భూకంపాలను నమోదు చేసి ఉండగల" గుర్తులనే అన్నారు తప్ప రుజువైపోయిందని అనలేదు. ఒరగడానికి మట్టి కుంగడం కారణం కావచ్చు. పెరుగుదల ఆగడానికి కరవు కారణం కావచ్చు. స్టాలగ్మైట్ వానల చరిత్రను కూడా రాస్తుందని మరిచిపోకూడదు.

కానీ ఒక్కటి. ఈ పనిలో గుహను ఏకైక సాక్షిగా నిలబెట్టకూడదు. కందకం ఒక చోటి కోతను చూపిస్తుంది, అదీ భ్రంశం నేల పైకి వచ్చిన చోటనే. గుహ ఆ చుట్టుపక్కల ఊపును చూపిస్తుంది, వేల ఏళ్ళ వరుసను తెంపకుండా. రెంటినీ కలిపి చదవాలి.

లుబ్లియానా నుంచి | ఆదివారం, రాత్రి 8:22
స్లొవేనియాలో ఉంటున్నాను. ఇక్కడి పోస్తోయ్నా గుహలో 1872 నుంచీ రైలు ఉంది, బుజ్జి రైలు, పిల్లలకు ప్రాణం. మా ఇంటికి వచ్చిన ప్రతి తెలుగువారినీ ఎక్కించడంతో నాకు దారంతా కంఠతా వచ్చింది.

ఊపు కాకుండా ఇంకో రకం ఆధారం ఉంది, ఇంకా ఎవరూ ఎత్తలేదు. భ్రంశమే గుహను అడ్డంగా కోసుకుంటూ పోతే? గొట్టంలా నున్నగా ఉన్న గుహ దారి ఒక చోట తెగి, అవతలి సగం పక్కకు జరిగి కనిపిస్తుంది. చపాతీల పీట విరిగితే రెండు ముక్కలు కాస్త జరిపి పెట్టినట్లు. ఆ పగులు మీద గోడ పొడవునా పేరుకున్న సున్నపు పొర ఉంటే ఇంకా మంచిది. పాత పొర చీలి, దాని పైన పేరుకున్న కొత్త పొర చీలకుండా ఉంటే ఆ రెండు వయసుల మధ్యనే భ్రంశం కదిలింది. పక్క దేశం ఆస్ట్రియాలో ఆల్ప్స్ పర్వతాల గుహల్లో ఇలాంటివి దొరికాయి. అక్కడ పైన హిమనదాలు నేలంతా గీకేశాయి కాబట్టి కిందికి దిగక తప్పలేదు.

పోస్తోయ్నాలో అయితే భ్రంశం ఇప్పుడు కదులుతోందా అనే కొలుస్తున్నారు. 2004లో టీఎం-71 అనే పరికరాలు రెండు పగులుకు అడ్డంగా బిగించారు. సన్నని గీతలున్న రెండు అద్దాలు, ఒకటి ఇటు గోడకు, రెండోది అటు గోడకు. పలుచటి రెండు తెరలు ఒకదాని మీద ఒకటి వేస్తే అలల్లాంటి నీడలు పడతాయే, అదే సూత్రం. గోడ మిల్లీమీటరులో వందో వంతు జరిగినా ఆ అలల వరుస మారిపోతుంది. గుహలో ఎండా చలీ పెద్దగా మారవు కాబట్టి రాయి వ్యాకోచించి లెక్క తప్పే బెడద కూడా తక్కువ.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 9:05
పరదాల ఉపమానం బాగుంది, రేపు క్లాసులో వాడుకుంటాను.

మిసిసిపి గట్టు | సోమవారం, ఉదయం 7:50
అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర ఉంటాం. ఇక్కడి నుంచి దక్షిణంగా న్యూ మాడ్రిడ్. అక్కడ 1811 డిసెంబరు నుంచి 1812 ఫిబ్రవరి దాకా వరుసగా మహా భూకంపాలు వచ్చాయి. ఈ చుట్టుపక్కల గుహల్లో విరిగినవాటిని కాకుండా పుట్టినవాటిని లెక్కపెట్టారు. భూకంపంతో పైకప్పులో పగుళ్ళు కొన్ని మూసుకుపోతాయి, కొన్ని కొత్తగా తెరుచుకుంటాయి. నీరు దారి మార్చుకుంటుంది. పాత స్టాలగ్మైట్ ఎండిపోయి, పక్కన కొత్తది మొలుస్తుంది. బుల్లి బుల్లి తెల్లటి స్టాలగ్మైట్లు కొన్నింటి వయసు కడితే రమారమి 1811–12 దగ్గరికే వచ్చింది. రాసిపెట్టి ఉన్న భూకంపంతో పద్ధతి సరిపోయింది కాబట్టి, ఎవరూ రాయని కాలానికి కూడా ఇదే వాడుతున్నారు. అనుమానం గారికి ఇది నచ్చుతుందని నా నమ్మకం.

అనుమానం | సోమవారం, ఉదయం 8:15
నచ్చింది. తెలిసిన దానితో తూచి తెలియనిదాన్ని కొలవడం, అదీ పద్ధతి. నా పేరు మాత్రం మార్చుకోను.

లెక్కల మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:40
ఇన్ని రోజులూ విరిగినవాటి గురించే మాట్లాడాం. విరగనిది కూడా సాక్షే! హంగరీ, స్లొవేకియా గుహల్లో మనిషి కంటే ఎత్తుగా, కొంగ కాలులా సన్నగా నిలబడ్డ స్టాలగ్మైట్లు ఉన్నాయి. దాని ఎత్తు, మందం, సహజ పౌనఃపున్యం కొలుస్తారు. కింద పడి ఉన్న ముక్కలను ప్రయోగశాలలో వంచి రాయి బలం తెలుసుకుంటారు. నేల ఎంత త్వరణంతో అడ్డంగా ఊగితే అది విరుగుతుందో అప్పుడు లెక్క వస్తుంది. అది అన్ని వేల ఏళ్ళుగా విరగకుండా ఉందంటే అంత ఊపు ఆ చోటికి రానట్లే. పైపరిమితి దొరికింది. అణు విద్యుత్ కేంద్రం కట్టేవారికి ఇంతకంటే కావలసింది ఏముంది?

గోల్కొండ గుండు | సోమవారం, రాత్రి 9:30
మా హైదరాబాదులో ఒక బండ మీద ఇంకో బండ నిలబడి ఉంటుంది కదా, తోస్తే పడేలా. అవి కూడా సాక్షులేనా?

నాపరాయి | మంగళవారం, ఉదయం 6:20
సూత్రం అదే. అమెరికాలోని నెవాడాలో జేమ్స్ బ్రూన్ అనే ఆయన ఇలా ఒంటికాలి మీద నిలబడ్డ బండలతోనే భూకంపాల పైపరిమితి కట్టాడు. అయితే బండ వయసు కాదు, చుట్టూ మట్టి కొట్టుకుపోయి అది అలా ఒంటరిగా నిలబడి ఎంత కాలమైందో తెలియాలి. లెక్క వేయాలంటే ముందు బండలు మిగలాలి. కాలనీల కోసం రోజుకు కొన్ని పేలిపోతున్నాయి.

మన నేల స్థిరమైనదన్న ధీమా మరీ ఎక్కువ వద్దు. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగులో 5.3. 1993లో కిల్లారి సంగతి చెప్పనక్కరలేదు, 6.2కే ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. ఇలాంటి నేలలో భ్రంశాలు తాపీగా కదులుతాయి, కాబట్టి పొడుగాటి జ్ఞాపకం ఉన్న సాక్షి ఇక్కడే ఎక్కువ అవసరం. కాకపోతే 3,229 మీటర్ల పొడవున్న మా బెలుం గుహల్లో ఎక్కువ భాగం పొడిగా ఉంటుంది, వేలాడేవి తక్కువ. బొర్రాలో కావలసినన్ని ఉన్నాయి, వాటి మీద మనుషుల చేతులు కూడా కావలసినన్ని పడ్డాయి.

కొండదారి గారూ, ఒక పని చేయండి. మీ రాయి విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూడండి. దాని మీద నున్నటి కొత్త పొర ఏమైనా ఉందా? లేక కలకండ విరిచినట్లు పలుకులు మెరుస్తున్నాయా? అది ఏ గదిలో, నేల మీద ఏ దిక్కుకు తల పెట్టి పడి ఉండగా తీశారో నాన్నగారిని అడగండి. ఒకే దిక్కుకు పడినవి చాలా ఉంటే అదీ ఒక ఆధారమే. అందుకే మీ పిల్లలతో చెప్పండి, ఈసారి వెళ్ళినప్పుడు నేల మీది ముక్కను కూడా కదపకూడదని. చోటు మారిన రాయికి నోరు పడిపోయినట్లే.

కొండదారి | బుధవారం, రాత్రి 10:02
చూశాను. కొత్త పొర ఏమీ లేదు. కలకండే. మధ్యలో సన్నటి రంధ్రం, దాని చుట్టూ చెట్టు కాండంలోలా వలయాలు. పిల్లలు ఇద్దరూ భూతద్దం కోసం కొట్టుకున్నారు.

నాన్నను అడిగాను. "ఏ దిక్కుకు పడి ఉంది నాన్నా?" అంటే కాసేపు పేపరులోంచి తల ఎత్తలేదు. మళ్ళీ అడిగితే, "పడి లేదురా, వేలాడుతూ ఉంది. అప్పటికి నీకు రెండేళ్ళు. నీకు చూపిద్దామని రాయి పెట్టి కొట్టాను. మూడో దెబ్బకు వచ్చింది" అన్నారు.

అనుమానం | బుధవారం, రాత్రి 10:06
నాన్నగారి తీవ్రత ఎంతో మాస్టారు లెక్క కట్టాలి.

లెక్కల మాస్టారు | బుధవారం, రాత్రి 10:31
మూడు దెబ్బలు పట్టిందంటే రాయి గట్టిదే. దాని మందం ఎంతో చెప్పండి కొండదారి గారూ.